పాత ధ్వని ఎవరి సొత్తు?

తమిళనాడులో రాజపాళయం పక్కన చోళపురం. ఆ ఊళ్ళో ఒకే వీధిలో ఉండే మేనమామకూ మేనల్లుడికీ ఇంగ్లండులోని ఒక రాక్ బృందం మీద వాదం పడింది. మామ స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్సు చూసి రిటైరైనవాడు. వయసు డెబ్బై దాటింది. 1970ల మొదట్లో మద్రాసులో చదువుకున్నాడు, అప్పుడు కొన్న ఎల్పీలు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. అల్లుడు ఇంజనీరింగ్ చదివి, ఇంట్లో గిటారు, లాప్‌టాప్ పెట్టుకుని పాటలు కడుతున్నాడు. బృందం పేరు టెంపుల్స్. అరవైల నాటి సైకడెలిక్ రాక్‌ను మళ్ళీ లేపిన కుర్రాళ్ళుగా 2012లో పేరు తెచ్చుకున్నారు, 2014కీ 2023కీ మధ్య నాలుగు స్టూడియో ఆల్బంలు చేశారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా వీళ్ళిద్దరి మాటలో సగం తమిళం కలిసే ఉంటుంది. చదివేవాళ్ళ కోసం దాన్ని కొంత సాపు చేశాను. వాదం మాత్రం వాళ్ళదే.

అల్లుడు: మామా, మొదటి పాట సగంలోనే లేచిపోయారు. వాళ్ళ మొదటి ఆల్బంలో పన్నెండు పాటలున్నాయి.

మామ: సగంలోనే తెలిసిపోయిందిరా. పన్నెండు తీగల గిటారు, గొంతుకు రెండు పొరలు, వెనకాల గుహలో మోగినట్టు డ్రమ్ములు. ఇదంతా మూర్ మార్కెట్‌లో పాత రికార్డుల కుప్పలో నాకు ఎప్పుడో దొరికింది. మీ నాన్నకు పెళ్ళి కాకముందే విన్నాను. మళ్ళీ ఎందుకు?

అల్లుడు: మీరు విన్నది వేరేవాళ్ళ పాట. ఇది వీళ్ళ పాట. జేమ్స్ బాగ్‌షా, టామ్ వామ్స్‌లీ అని ఇద్దరు కెట్టరింగ్‌లో మొదలుపెట్టారు. లండన్ కాదు, లివర్‌పూల్ కాదు. బూట్లు కుట్టే ఫ్యాక్టరీలతో బతికిన ఊరది, మన రాజపాళయం నూలు మిల్లులతో, ఛత్రపట్టి కట్టుగుడ్డతో బతికినట్టు. ‘షెల్టర్ సాంగ్’ 2012 నవంబరులో వచ్చింది. 2014 ఫిబ్రవరిలో ‘సన్ స్ట్రక్చర్స్’ ఆల్బం. దాన్ని పెద్ద స్టూడియోలో చేయలేదు, బాగ్‌షా ఇంట్లోనే రికార్డు చేసుకున్నారు. అది బ్రిటన్ అమ్మకాల పట్టీలో ఏడో స్థానంలో నిలిచింది. ఇంట్లో కూర్చుని అంత పని చేశారంటే నాకు గొప్పగానే ఉంది.

మామ: ఇంట్లో చేశారా గుడిలో చేశారా అన్నది కాదు నా బాధ. ఆ ధ్వని ఎలా పుట్టిందో నీకు తెలుసా? 1966 ఏప్రిల్‌లో బీటిల్స్ ‘టుమారో నెవర్ నోస్’ రికార్డు చేశారు. చేతిలో ఉన్నది నాలుగు ట్రాకుల మెషిన్. పాడిన జాన్ లెనన్‌కు తన గొంతు ఎక్కడో దూరం నుంచి, కొండ మీది నుంచి వచ్చినట్టు వినపడాలి. హామండ్ ఆర్గన్‌కు వాడే లెస్లీ స్పీకరు ఉంటుంది, లోపల హారన్ గిరగిరా తిరుగుతుంది. గొంతును దాంట్లోంచి పంపించారు. టేపు ముక్కలను గుండ్రంగా అతికించి, వేరువేరు మెషిన్ల మీద తిప్పుతూ కలిపారు. పాట మొత్తం ఇంచుమించు ఒకే కార్డ్ మీద నిలబడింది. ఇక ఒకే లైను రెండుసార్లు పాడటం లెనన్‌కు విసుగు. ఆ విసుగు తీర్చడానికే ఆబీ రోడ్‌లో కెన్ టౌన్‌సెండ్ అనే ఇంజనీరు గొంతును టేపుతోనే రెట్టించే ఉపాయం కనిపెట్టాడు. అక్కడ ప్రతి శబ్దం వెనకా ఒక అవసరం ఉంది. నీ టెంపుల్స్‌కు ఆ అవసరం ఏదీ? లాప్‌టాప్‌లో మౌస్ నొక్కితే అదే గొంతు వస్తుంది.

అల్లుడు: మౌస్ నొక్కితే శబ్దం వస్తుంది, పాట రాదు. నేను నొక్కి చూసినవాణ్ణే మామా. మెలోట్రాన్ ధ్వని నా లాప్‌టాప్‌లోనూ ఉంది. ఆ వాయిద్యంలో మెట్టు మెట్టుకూ ఒక టేపు ముక్క, నొక్కితే ఎనిమిది సెకన్లు మోగి ఆగిపోతుంది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఎంతసేపైనా మోగించొచ్చు. అయినా అది ‘సన్ స్ట్రక్చర్స్’లో మోగినట్టు నా దగ్గర మోగలేదు. ఎక్కడ రావాలి, ఎక్కడ ఊరుకోవాలి, బేస్ గిటారు కింద ఎంత చోటు వదలాలి, అదంతా చెవికి తెలియాలి. వాళ్ళకు తెలిసింది.

మామ: తెలిసింది, ఒప్పుకుంటాను. పనితనం ఉంది. కాని పనితనం వేరు, పుట్టుక వేరు. మిల్లులో ముప్ఫై ఏళ్ళు చూశాను. పత్తిని దువ్వే కోంబర్ దగ్గర రాలిన పొట్టి పీచును పారెయ్యరు, ఓపెన్ ఎండ్ మెషిన్‌కు పంపిస్తారు. దాన్నుంచి కూడా నూలు వస్తుంది, చూడ్డానికి నూలే. కాని సన్న కౌంటు రాదు, బలం తక్కువ. ఒకసారి దువ్విందాంట్లోంచి రాలిన పీచు కదా. ఈ రివైవల్ సంగీతం నాకు ఆ నూలులాగే ఉంది.

అల్లుడు: ఆ నూలుతోనే ప్రపంచమంతా జీన్సు నేస్తున్నారు మామా.

ఇక్కడ మామ కాసేపు మాట్లాడలేదు. అల్లుడిది చురుకైన జవాబే, కాని మామ ప్రశ్నకు అది సమాధానం కాదు. అరవైలవాళ్ళు ఒక ఇబ్బందిలోంచి కనిపెట్టిన శబ్దాన్ని, ఆ ఇబ్బందే లేనివాళ్ళు ఎందుకు వాడాలి? ఈ ప్రశ్నను దాటేస్తే వాదానికి బలం ఉండదు. అల్లుడికీ అది తెలుసు. అందుకే ఇంకో దారిన వచ్చాడు.

అల్లుడు: సరే, మీ బీటిల్స్ దగ్గరికే వద్దాం. ‘టుమారో నెవర్ నోస్’ మొదట్లో మోగే ఆ తంబూరా ఎవరిది? అంతకుముందు 1965లో ‘నార్వేజియన్ వుడ్’లో సితార్ ఎవరిది? మనదే కదా. వాళ్ళు మన దగ్గర తీసుకుంటే కొత్త కల్పన, టెంపుల్స్ వాళ్ళు తమ ఊరి పెద్దల దగ్గర తీసుకుంటే పాత నూలా?

మామ: ఆ సితార్ వాయించిన హారిసన్ తీసుకుని ఊరుకోలేదురా. 1966లో ‘లవ్ యూ టు’ చేశాక రవిశంకర్ దగ్గర కింద కూర్చుని నేర్చుకున్నాడు. ఆ తర్వాతి ఏడు ‘వితిన్ యూ వితౌట్ యూ’లో మన వాద్యగాళ్ళను కూర్చోబెట్టి పాడాడు. ఎవరి దగ్గర తీసుకున్నాడో లోకానికి చెప్పాడు.

అల్లుడు: టెంపుల్స్ కూడా దాచలేదు. వాళ్ళ పాట విన్న ఎవరికైనా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. త్యాగయ్య సంగతి చూడండి. తంజావూరు సీమలో కూర్చుని తెలుగులో కృతులు కట్టాడు, 1847లో పోయాడు. తిరువయ్యారులో ఏటా పంచరత్నాలు అందరూ కలిసి పాడతారు. దాన్ని కాపీ అని ఎవరూ అనరు.

మామ: అనరు. ఎందుకంటే పాడేవాడు అది త్యాగయ్య కృతి అనే చెప్తాడు. తన పేరు వేసుకోడు.

అల్లుడు: కృతి వద్దు, రాగం తీసుకోండి. త్యాగయ్య పుట్టకముందే తోడి ఉంది. తోడిలో కడితే దొంగిలించాడంటామా? 1967 నాటి ఆ ధ్వనిని నేను ఒక రాగంలాగే చూస్తాను. దానికీ ఒక నడక ఉంది, ఒక రంగు ఉంది. ఒకడు తెరిచాడు, తర్వాతివాళ్ళు అందులో కట్టుకుంటారు.

మామ: ఇది మంచి మాట. కాని రాగానికి లక్షణం ఉంటుంది. ఆరోహణ, అవరోహణ, గమకం. గురువు ఉంటాడు, తప్పు పాడితే ఆపేవాడు ఉంటాడు. నీ సైకడెలిక్ ధ్వనికి ఆపేవాడెవడు? ఎకో ఎక్కువైంది తగ్గించమని చెప్పేవాడెవడు?

అల్లుడు: వినేవాడు. మూడేళ్ళ తర్వాత వాళ్ళకు అదే జరిగింది.

అక్కణ్ణుంచి మాట రెండో ఆల్బం మీదికి మళ్ళింది. 2017 మార్చిలో వచ్చిన ‘వాల్కేనో’ అది. ఈ మధ్యలో ఒక సంగతి ఉంది, ఇద్దరూ దాన్ని పట్టించుకోలేదు. 2014లోనే ‘సన్ స్ట్రక్చర్స్’ మొత్తాన్నీ బియాండ్ ద విజార్డ్స్ స్లీవ్ అనే జోడీ విప్పి, మళ్ళీ కట్టి, ‘సన్ రీస్ట్రక్చర్డ్’ పేరుతో ఇచ్చారు. పాతదాన్ని తిరగగట్టినవాళ్ళ పాటను ఇంకొకరు తిరగగట్టడం అది. మామ వాదానికి అక్కరకొచ్చే ఉదాహరణే గాని ఆయన దాన్ని విన్నట్టు లేదు.

మామ: ‘వాల్కేనో’ నువ్వు ఫోనులో పెట్టి వినిపించావు. తల నొప్పొచ్చింది. ఎక్కడ చూసినా సింథసైజరే, ఒక్క క్షణం ఖాళీ లేదు. పాట ఊపిరి తీసుకునేలోపే ఇంకో శబ్దం మీద పడుతుంది. మొదటి ఆల్బమే నయం, అందులో కొంత చోటైనా ఉంది.

అల్లుడు: చూశారా! మొదటిది కాపీ అన్నారు. రెండోదాంట్లో పాత చొక్కా విప్పేస్తే అదీ నచ్చలేదు. ‘సర్టన్టీ’ విన్నప్పుడు మీకు 1967 గుర్తొచ్చిందా? రాలేదు. నాకు వాళ్ళ ఆల్బంలన్నిట్లో అదే ఇష్టం. ఎవరి నీడా లేకుండా నిలబడదామని చూసింది అందులోనే.

మామ: చూడటం వేరు, నిలబడటం వేరు.

నా మట్టుకు నేను ఇక్కడ మామ పక్షం. ‘వాల్కేనో’లో మంచి రాగపు ముక్కలున్నాయి, ‘స్ట్రేంజ్ ఆర్ బీ ఫర్‌గాటెన్’ అయితే రోజంతా నోట్లో ఆడుతుంది. కాని ప్రతి పాటా ఒకే ఎత్తులో మెరుస్తుంది. అరవైల రికార్డుల్లో నాలుగు ట్రాకులే ఉండటం వల్ల ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని తేల్చుకోక తప్పేది కాదు. ట్రాకులకు లెక్కే లేని చోట ఆ తీసివేతను మనిషే తనకు తానుగా చేసుకోవాలి. మామ ఇందాక అడిగిన అవసరం అదే. ఆయన దాన్ని యంత్రం వైపు నుంచి చెప్పాడు, అసలు సంగతి నిగ్రహం.

మూడోది ‘హాట్ మోషన్’, 2019 సెప్టెంబరు. ఈ లోపల డ్రమ్మరు సామ్ టామ్స్ వెళ్ళిపోయాడు, మొదటి రెండు ఆల్బంలు వేసిన హెవెన్లీ కంపెనీ నుంచి వీళ్ళు ఏటీఓకు మారారు. గిటార్లు మళ్ళీ ముందుకొచ్చాయి, బరువుగా మోగాయి. దీని మీద ఇద్దరికీ పెద్ద తగాదా లేదు. బాగానే ఉంది గాని మళ్ళీ మళ్ళీ వినాలనిపించదని అల్లుడే అన్నాడు, మామ తలూపాడు.

మామ: నాలుగోది ఎవరి దగ్గర చేశారన్నావు?

అల్లుడు: ‘ఎక్సోటికో’. 2023 ఏప్రిల్. ప్రొడ్యూసరు షాన్ ఓనో లెనన్.

మామ: అదీ సంగతి. తండ్రి గొంతును అరువు తెచ్చుకుని మొదలుపెట్టి చివరికి కొడుకు ఇంటికే చేరారు.

అల్లుడు: ఇది మాత్రం అన్యాయం మామా. ‘ఎక్సోటికో’ విని చెప్పండి. లేని దీవి ఒకటి ఊహించుకుని, దాని చుట్టూ పదహారు పాటలు కట్టారు. నిడివి ఎక్కువే, రెండు మూడు పాటలు తీసేయొచ్చు. కాని వాళ్ళలో ‘ఎవరిలా ఉన్నాం’ అన్న భయం పోయింది. లెనన్ కొడుకును పక్కన పెట్టుకుని కూడా లెనన్‌లా పాడలేదు. భయం ఉన్నవాడు ఆయన దగ్గరికి వెళ్ళడు.

మామ: దీవి ఊహించుకున్నారు, బాగుంది. నేను అడిగేది వాళ్ళ ఊరి సంగతి. కెట్టరింగ్ ఎక్కడుంది ఆ పాటల్లో? బూట్లు కుట్టే ఊరన్నావే, ఆ తోలు వాసన ఎక్కడ? మొదటి ఆల్బంలో బంగారు సింహాసనం, సూర్యుడు, ఇసుకలో నాట్యం. ఇవన్నీ ఎవరి ఊరివి?

అల్లుడు: అట్ట చూడండి.

అల్లుడు ఫోనులో ‘సన్ స్ట్రక్చర్స్’ అట్ట పెద్దది చేసి చూపించాడు. నలుగురు కుర్రాళ్ళు, వెనక ఒక వింత కట్టడం. కెట్టరింగ్‌కు దగ్గర్లోనే రష్టన్ అనే ఊరుంది, అక్కడి మూడు మూలల ఇల్లు అది. సర్ థామస్ ట్రెషమ్ 1593లో మొదలుపెట్టి 1597కు కట్టించాడు. ప్రొటెస్టెంట్ ఏలుబడిలో కేథలిక్ మతాన్ని వదలనందుకు ఏళ్ళ తరబడి చెరలో ఉన్న మనిషి. నోటితో చెప్పుకోలేని నమ్మకాన్ని రాతితో చెప్పాడు. దేవుడి త్రిత్వానికి గుర్తుగా మూడు గోడలు, ఒక్కొక్కటి 33 అడుగులు, మూడు అంతస్తులు, గోడకు మూడు త్రికోణపు కొప్పులు. కిటికీల్లో కూడా త్రికోణాలే. మామ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు, కిటికీలను రెండు వేళ్ళతో పెద్దవి చేసి మరీ చూశాడు. తర్వాత ఆయన గొంతులో కొంచెం మార్పు వచ్చింది.

మామ: ఇది వాళ్ళ ఊరిదే?

అల్లుడు: పక్క ఊరిది. లండన్‌లో ఫొటో దిగొచ్చు, ఎడారిలో దిగొచ్చు. ఇంటికి దగ్గరున్న నాలుగు వందల ఏళ్ళ గోడ ముందు నిలబడ్డారు.

మామ: మంచి పని చేశారు. కాని అట్ట మీద పెట్టినదాన్ని పాటలోకి తేలేదు. ఆ ట్రెషమ్ కథ ఒక్కటి చాలు కదరా, ఒక ఆల్బం నడవడానికి.

అల్లుడి దగ్గర దీనికి జవాబు లేదు. నాకూ లేదు. నాలుగు ఆల్బంలలో నాకు కనిపించిన పెద్ద లోటు ఇదే. ధ్వనిని లేపినవాళ్ళు చోటును లేపలేదు. అదే కాలంలో ఇంకొందరు ఈ పని చేశారని అల్లుడే గుర్తు చేసుకున్నాడు.

అల్లుడు: ఆల్టిన్ గున్ అని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక బృందం ఉంది. పెట్టినవాడు డచ్చివాడు, పాడేవాళ్ళు తుర్కీ మూలం ఉన్నవాళ్ళు. తుర్కీ పల్లెపాటలను సాజ్ వాయిద్యంతో, సింథసైజరుతో, డెబ్బైల నాటి సైకడెలిక్ పద్ధతిలో వాయిస్తారు. 2019లో వాళ్ళ రెండో ఆల్బం ‘గేజె’ గ్రామీ నామినేషన్ దాకా పోయింది. మెల్‌బోర్న్‌లో కింగ్ గిజార్డ్ వాళ్ళు 2017లో గిటార్లకు అదనపు మెట్లు వేయించుకుని, అర స్వరానికి మధ్యనున్న స్వరాలు పలికించి ఒక ఆల్బమే చేశారు. ఆ ఏడాది వాళ్ళు చేసిన ఐదు ఆల్బంలలో అదే మొదటిది.

మామ: స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న శ్రుతి కోసం గిటారునే మార్చుకున్నారా? అది వినాల్సిందే. ఆమ్‌స్టర్‌డామ్‌వాళ్ళ సంగతి నాకు ఇంకా నచ్చింది. పరాయి ఊళ్ళో ఉండి తాతల పాట పాడటం. మనం చేసింది అదేగా, తరాల తరబడి ఇక్కడ.

అల్లుడు: మన దేశంలోనూ మొదలైంది మామా. పర్వాజ్ అని బెంగళూరులో ఉన్న బృందం, మొదలుపెట్టిన ఇద్దరూ కశ్మీరువాళ్ళు. ఉర్దూ, కశ్మీరీ పాటలు. 2014లో ‘బారాన్’ చేశారు.

మామ: దానికి ముందే ఉంది. 1970, 71ల్లో సిమ్లా సిగరెట్ కంపెనీ బీట్ గ్రూపులకు పోటీలు పెట్టి, ఎంపికైన పాటలను ఎల్పీలుగా వేసింది. మద్రాసు కుర్రాళ్ళూ వాటిలో ఉన్నారు. ఆ కుర్రాళ్ళ గురించి మా హాస్టల్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళు. కాని పాటలన్నీ ఇంగ్లీషే. 1970లోనే ఆనందశంకర్ సితార్‌తో రోలింగ్ స్టోన్స్ పాట వాయించి రికార్డు తెచ్చాడు. ఆయన పద్ధతి వేరు, ఆయన చేతిలో సొంత వాయిద్యం ఉంది. ఇంత దూరం ఎందుకు, ఈ కొండల వరసలోనే ఉత్తరాన పణ్ణైపురం ఉంది. అక్కణ్ణుంచి వెళ్ళిన ఇళయరాజా 1986లో ‘హౌ టు నేమ్ ఇట్’ చేసి త్యాగయ్యకూ బాఖ్‌కూ అంకితం ఇచ్చాడు. బాఖ్‌ను తీసుకున్నాడు, కాని వింటే అది ఎవరి పాటో అనుమానం రాదు. నేను అడిగేది ఆ గుర్తు. పాత ధ్వని తీసుకో, తప్పులేదు. దానిమీద నీ ఊరి గుర్తు వెయ్యి.

అల్లుడు: నేను కట్టే పాటలు తెలుగులోనే కడుతున్నాను.

మామ: ఏ తెలుగులో? టీవీలో వచ్చే తెలుగులోనా? మీ అమ్మమ్మ మాట్లాడే తెలుగు వేరు. నువ్వు బడిలో తమిళం చదివావు, తెలుగు అక్షరాలు నిన్నగాక మొన్న ఫోనులో నేర్చుకున్నావు. మన ఇళ్ళల్లో సీమంతానికీ, పెళ్ళిపీటల మీదా పాడే పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. ఆమెతోటివాళ్ళు పోతే అవీ పోతాయి. నువ్వు లేపాల్సినది అది. 1967ను లేపడానికి కెట్టరింగ్‌లో నలుగురున్నారు. దీన్ని లేపడానికి చోళపురంలో ఎవరున్నారు?

అల్లుడు: అమ్మమ్మ పాటలు రికార్డు చేస్తాను మామా, చేయకూడదని లేదు. కాని అవే పాడుతూ ఉండలేను. సీమంతం పాటలో మిల్లు షిఫ్టు లేదు, బస్టాండు లేదు, నా సంగతి లేదు. ఆ బాణీ తీసుకుని కొత్త మాటలు వేస్తాను. అప్పుడు మీరే అది పాతదాన్ని పాడుచేయడమంటారు.

మామ: అంటాను. అయినా వెయ్యి. అన్నాక వింటాను.

వాదం తేలలేదు. రివైవల్ అంటే మామకు ఇప్పటికీ రెండో రకం నూలే. అల్లుడికి అది తెరిచి ఉన్న రాగం. ఆల్బంల మీద మాత్రం నా తీర్పు చెప్తాను. ‘సన్ స్ట్రక్చర్స్’ ఎల్పీ కొని దాచుకోదగ్గది, అట్టతో సహా. ‘ఎక్సోటికో’ రాత్రిపూట తీరిగ్గా వినదగ్గది. ‘వాల్కేనో’లో మూడు పాటలు ఏరుకోండి. ‘హాట్ మోషన్’ ఒకసారి వింటే చాలు. అంతకంటే ముఖ్యమైన మాట ఒకటుంది. రాజపాళయం, శివకాశి, శంకరన్‌కోవిల్ వైపు తెలుగు ఇళ్ళల్లో పాటలు వచ్చిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. మీ ఇంట్లో అలాంటివాళ్ళుంటే వాళ్ళను కూర్చోబెట్టి ఫోనులో రికార్డు చేయండి. పాడినవాళ్ళ పేరు, ఊరు, ఏ శుభకార్యంలో పాడేవాళ్ళో ఆ వివరం కూడా వాళ్ళ నోటితోనే చెప్పించండి. గిటారు పట్టిన పిల్లలకు అది అవసరం పడుతుంది.